కుండీలో గుండుమల్లెను పూయించడం ఎలా?

మార్చి వస్తే చాలు, అపార్ట్‌మెంటులో ఎవరు ఎదురుపడినా ఇదే గోడు. "పిన్నిగారూ, మా మల్లె ఏపుగా పెరిగింది, ఆకు నిగనిగలాడుతోంది, మొగ్గ మాత్రం లేదు. ఏ మందు వేయమంటారు?" మందేమీ వద్దు. డిసెంబరులో చేయాల్సిన పని చేయలేదు, అంతే. చలికాలమంతా పొద్దున్నే చెంబెడు నీళ్ళు పోసి, కత్తెర తగలనివ్వకుండా గారాబంగా పెంచారు. గారాబం చేస్తే మల్లె ఆకు వేస్తుంది, పూలు పూయదు.

మల్లె పూసేది కొత్త చిగురు మీదే. పాత కొమ్మ ఎంత పొడుగున్నా దండగ. అందుకే చలికాలంలో నీళ్ళు ఆపి మొక్కను ఎండగట్టాలి, ఆకు తీసెయ్యాలి, కొమ్మ కత్తిరించాలి. ఎండలు మొదలయ్యేసరికి కొత్త కొమ్మలన్నీ ఒక్కసారిగా వచ్చి, వాటి కొసన మొగ్గలు పడతాయి. మల్లెతోటల రైతులు ఏటా చేసేది ఇదే. ఆకు తీయడానికి తోటలోకి గొర్రెలమందను తోలేవాళ్ళూ ఉన్నారు. మన డాబా మీదకు గొర్రెలెక్కవు కాబట్టి ఆ పని మన వేళ్ళే చేయాలి.

కుండీ, మట్టి, మొక్క

14 అంగుళాలకు తగ్గని మట్టికుండీ గానీ సిమెంటు కుండీ గానీ తీసుకోండి. నల్ల ప్లాస్టిక్ కుండీ వద్దు. మే నెల మధ్యాహ్నం దాని గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే లోపల వేరు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అడుగున చిల్లు, చిల్లు మీద పెంకు ముక్క. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. నల్లరేగడి కుండీలో పొయ్యకండి. తడిస్తే బంక, ఆరితే పగుళ్ళు.

నాటేది వానాకాలంలో. కడియం వైపు నర్సరీల నుంచి ఊరూరికీ మొక్కలు వస్తాయి కాబట్టి దొరకడం కష్టం కాదు. కానీ ఆకు చూసి కొనకండి, ఒక్క పువ్వయినా ఉన్న మొక్క చూసి కొనండి. దొంతర మల్లె బాగుంటుందంటారు. నాకు గుండుమల్లే మల్లె, మిగతావి సరదాకి. రోజుకు 6 గంటలైనా ఎండ పడాలి. అంత ఎండ రాని బాల్కనీ అయితే నందివర్ధనం పెట్టుకోండి, మల్లెను ఉసూరుమనిపించకండి.

ఈ వానల్లో నాటిన మొక్కకు మొదటి చలికాలం ఎండగట్టడం వద్దు. కొసలు తుంచి వదిలేయండి. కింద చెప్పేదంతా ఏడాది దాటిన మొక్కకే.

ఎండగట్టడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. సగం మంది అసలు ఎండగట్టరు. మిగతా సగం ఏ వ్యవసాయ పుస్తకంలోనో "నవంబరు నుంచి నీరు కట్టడం ఆపివేయాలి" అని చదివి, కుండీకి కూడా అలాగే నీళ్ళు పూర్తిగా ఆపేసి, సంక్రాంతికి ఎండుపుల్ల చూపిస్తారు. పొలం లెక్క కుండీకి పనికిరాదు. పొలంలో వేరు లోతుకు పోయి తడి వెతుక్కుంటుంది. కుండీలో ఉన్నదే జానెడు మట్టి, అది నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. కుండీ మొక్కకు దాహం వేయాలి గానీ ప్రాణం పోకూడదు. ఈ రెంటికీ మధ్య తేడా కనిపెట్టడమే అసలు పని.

ధనుర్మాసం మొదలయ్యాక నీళ్ళు తగ్గించండి. మొదటి వారం రోజు విడిచి రోజు, రెండో వారం రెండుసార్లు, ఆ తర్వాత ఆపేయండి. ఆపేశాక మాత్రం రోజులు లెక్కపెట్టకండి, మొక్కను చూడండి. పడమటి పిట్టగోడ మీది కుండీ ఒకలా ఆరుతుంది, వాటర్ ట్యాంకు నీడలో ఉన్నది ఇంకోలా ఆరుతుంది. ముందు ఆకు మెరుపు పోతుంది. తర్వాత మధ్యాహ్నం పూట వాలిపోయి, తెల్లారేసరికి మళ్ళీ లేస్తుంది. అంతవరకూ భయం లేదు. కింది ఆకు పండి రాలడం మొదలైతే దారిలో పడినట్టే. పొద్దున్నే చూసినా ఆకు వాలిపోయే ఉందంటే మాత్రం ఆగాలి. అప్పుడు ఒక గ్లాసు నీళ్ళు కుండీ అంచు వెంబడి పొయ్యండి. గ్లాసే, చెంబు కాదు. చెంబెడు పోస్తే మొక్క చలికాలంలోనే చిగురుపెట్టి, ఇన్నాళ్ళ ఎండగట్టడం వృథా అవుతుంది.

అనుమానం వస్తే కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకండి. కింద లేతపచ్చ రంగు తడిగా కనిపిస్తే మొక్క క్షేమం. కొసల్లో గోధుమరంగు కనిపించినా ఫర్వాలేదు, అవి ఎలాగూ కత్తెరకు పోయేవే. మొక్క మొదలు దగ్గర, బొటనవేలంత లావు కొమ్మలో గోధుమరంగు కనిపించిందా, ఎండగట్టడం అక్కడితో ఆపి నీళ్ళు పొయ్యండి. ఈ ఏడాది పూత తగ్గుతుంది, చెట్టు మిగులుతుంది.

కోస్తాలో ఉన్నవాళ్ళకు ఇంకో తలనొప్పి ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక్కోసారి తుపాను వస్తుంది. వాన పడుతుందని తెలియగానే కుండీని సన్‌షేడ్ కిందకు జరపండి, జరపలేకపోతే పక్కకు వాల్చిపెట్టండి. తడిసిందంటే మళ్ళీ మొదటికే. హైదరాబాదు వాళ్ళకు ఈ బాధ తక్కువ, అయినా ఎక్కువగా అడిగేది వాళ్ళే.

ఆకు, కొమ్మ

రాలకుండా మిగిలిన ఆకు తీసేయాలి. కొమ్మను గుప్పిట్లో పట్టుకుని చర్రున దూసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకు కాడ మొదట్లో, కొమ్మకు ఆనుకుని ఆవగింజంత కన్ను ఉంటుంది. రేపు చిగురయ్యేది అదే. దూస్తే ఆకుతో పాటు అదీ ఊడొస్తుంది. ఒక్కో ఆకును కాడ మధ్యలో గిల్లండి. మిగిలిన కాడ దానంతటదే ఎండి రాలుతుంది. ఓపిక లేకపోతే ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టండి.

భోగి నాటికి కత్తిరింపు అయిపోవాలి. జనవరి నెలాఖరుదాకా చేయవచ్చంటారు గానీ నేను భోగి దాటనివ్వను. మట్టి నుంచి మూరెడు ఎత్తు ఉంచి పైదంతా తీసేయడమే. ఎండు కొమ్మలు, పెన్సిలు కంటే సన్నటివి, లోపలికి తిరిగినవి మొదటికంటా తీసేయండి. కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా, ఒక్క కోతలో తెగాలి. వంటింటి కత్తెరతో నలిపితే అక్కడినుంచి కుళ్ళుతుంది. "పండగ పూట పచ్చటి చెట్టును నరుకుతావేమే" అని పెద్దవాళ్ళు అంటారు. అననివ్వండి. వాళ్ళ మాట విని నాలుగు కొసలు తుంచి ఊరుకుంటే మార్చిలో నాలుగు మొగ్గలే వస్తాయి.

వెంటనే పై మట్టిని రెండు అంగుళాలు గుల్ల చేసి, రెండు గుప్పిళ్ళ పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేరుశనగచెక్క పొడి కలిపి, అడుగు చిల్లులోంచి కారేదాకా ఒక్కసారి నీళ్ళు పొయ్యండి. ఇక్కడ చాలామంది రెండో తప్పు చేస్తారు. ఇన్నాళ్ళు మాడ్చామన్న జాలితో రోజూ పోస్తారు. ఆకు లేని మొక్క నీళ్ళు తాగదు, వేరు కుళ్ళుతుంది. వేలు రెండు కణుపులు దించితే పొడిగా తగిలినప్పుడే మళ్ళీ పొయ్యండి. చిగురు వేలెడు పొడుగయ్యాక రోజూ పోయవచ్చు.

అరటితొక్కల నీళ్ళు, గుడ్డుపెంకులు, వాడేసిన టీపొడి అని వీడియోల్లో చూపిస్తుంటారు. వాటివల్ల చీమలు తప్ప మొగ్గలు వచ్చిన కుండీ నేనింతవరకు చూడలేదు. యూరియా జోలికి అసలే పోకండి, మళ్ళీ ఆకే వస్తుంది.

పూత మొదలయ్యాక

ఇక్కడినుంచి తేలిక. ఎండలు ముదిరేకొద్దీ పొద్దున్నే నీళ్ళు, రోహిణి కార్తెలో సాయంత్రం కూడా. మట్టి మీద కొబ్బరిపీచు పరిస్తే తడి నిలుస్తుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే శ్లాబు వేడి తగలదు. కొత్త ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలనట్టు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి చల్లపూట ఆకు మీద చల్లండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి గిడసబారినా, చిల్లులు పడినా తుంచి కాల్చేయండి. కుండీలోనే పడేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ పైకి వస్తుంది. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు వారానికోసారి చల్లితే చాలు.

సాయంత్రం జడలోకి కావాలంటే నాలుగు గంటలకు, తెల్లగా ఉబ్బి ఇంకా విచ్చని మొగ్గ కోయండి. ఒక విడత పూత అయిపోగానే పూసిన కొమ్మను రెండు కణుపుల కిందికి తుంచితే పక్కలనుంచి మళ్ళీ చిగురొస్తుంది. ఇలా తుంచుతూ ఉంటే జూన్‌దాకా విడతలు విడతలుగా పూస్తుంది. వానలు పడ్డాక పూత తగ్గుతుంది. అప్పుడు వంగే కొమ్మ ఒకటి చూసి, కొయ్యకుండానే పక్క కుండీలోకి వంచి మట్టి కప్పి అంటు తొక్కండి. భోగినాడు కత్తిరించిన కొమ్మల కోసం ఎదురింటివాళ్ళు వస్తే ఈ అంటు ఇస్తానని చెప్పండి. చలిలో గుచ్చిన పుల్లలు సరిగా వేరుపట్టవు.