బిడ్డ పుట్టేలోపు గదికి రంగు వేయించాలనుకుంటే

ఏడో నెల రాగానే నాకు ఫోన్లు వస్తాయి. బిడ్డ కోసం గదికి రంగు వేయాలి, తాతగారి నాటి ఉయ్యాలను గీకి కొత్తదానిలా చేయాలి. ఇరవై ఆరేళ్లుగా రంగుల పనిలో ఉన్నాను. ఇప్పుడైతే రంగు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ వారం రోజులు అమ్మాయి ఎక్కడుంటుందో చెప్పండి అంటాను.

ఒకప్పుడు అలా అడిగేవాణ్ణి కాదు. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం నా పని చొక్కాను గుమ్మంలో దులిపి ఉతికేది. పాత రంగు గీకితే వచ్చే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చని, అది కడుపులోని బిడ్డ మెదడుకు చేటని మా ఇద్దరికీ తెలియదు. మావాడు బాగానే ఉన్నాడు, చదువుకుంటున్నాడు. అయినా ఒక్క బిడ్డను చూసి ఏం తేలుస్తాం? ఐక్యూ రెండు మూడు పాయింట్లు తగ్గితే కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. ఎంతోమంది పిల్లల్ని కొలిచి చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

సీసం క్యాల్షియం వేషంలో తిరిగే దొంగ. తల్లి కడుపులోని మాయ దాన్ని ఆపలేదు. బొడ్డుతాడు రక్తంలో సీసం దాదాపు తల్లి రక్తంలో ఉన్నంతా ఉంటుంది. మెదడులో నరకణాలు కబురు అందించుకోవడానికి క్యాల్షియం కావాలి, సరిగ్గా అక్కడే ఇది అడ్డుపడుతుంది. ఇంకో చిక్కుంది. ఒంట్లో చేరిన సీసంలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి ఎముకల్లో దాక్కుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఎముకలు కొంత కరుగుతాయి, దాంతోపాటు అదీ రక్తంలోకి వస్తుంది. అందుకే ఎప్పుడో ఇలాంటి పనిచేసి మానేసిన ఆడవాళ్లు కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. రక్తంలో సీసం ఎంతుందో తెలిపే పరీక్ష ఉంది. ఇంతవరకు ఫర్వాలేదు అనే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకుమించి ఉంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది. తిండిలో క్యాల్షియం, ఇనుము తక్కువైతే ఒళ్లు సీసాన్ని మరింత పీల్చుకుంటుంది.

ఇక పని. పాత రంగు పెచ్చులు లేకుండా గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని కెలకొద్దు. పైన ప్రైమర్ కొట్టి కొత్త రంగు వేసేయండి. అసలు తంటా తలుపులు, కిటికీ చట్రాల దగ్గర. రెక్క తీసి వేసిన ప్రతిసారీ రాపిడికి పొడి రాలుతుంది. పైగా అక్కడ వేసేది ఆయిల్ ఎనామిల్. సీసం ఎక్కువగా దొరికేది అందులోనే, అందునా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో. ఆ నిగారింపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి కలిపేవారు, కొన్ని దేశాల్లో ఇప్పటికీ కలుపుతున్నారు.

గీకక తప్పదంటే పొడిగా సాండ్ పేపర్ పట్టొద్దు, మెషీన్ అసలే వద్దు. నీళ్లు చిలకరించుకుంటూ తడిగా రుద్దాలి. మంటతో రంగు కాల్చి ఊడదీయడం మరీ ప్రమాదం. నేల మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకు టేపు వేయండి, గుమ్మానికి ఇంకో షీటు కట్టండి. పనయ్యాక చీపురు పట్టొద్దు, దుమ్మంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. షీటును లోపలికి మడిచి మూటకట్టి పారేసి, తడిగుడ్డతో తుడిచి, నీళ్లు మార్చి ఇంకోసారి తుడవాలి. ఆ గుడ్డనూ పారేయాలి. నేను కిటికీ గట్లు మూడోసారి కూడా తుడుస్తాను. మా కుర్రాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

కొత్త డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) లోపు అని ఉందేమో చూడండి. ‘వాసన రాదు’ అని రాసి ఉంటే అది వేరే సంగతి, దానికీ సీసానికీ సంబంధం లేదు. థిన్నర్, టర్పెంటైన్ సీసాల మూతలు గర్భిణి ఉన్న ఇంట్లో తీయొద్దు. రంగు ఆరి, వాసన పూర్తిగా పోయాకే ఆమె ఆ గదిలోకి రావాలి.

తాతగారి ఉయ్యాలంటారా? నేను గీకను. జ్ఞాపకంగా అటక మీద పెట్టుకోండి. పళ్లొచ్చే వేళకు బిడ్డ కొరికేది ఆ కమ్మీలనే.

నా పని కాని వాటి గురించి నాలుగు ముక్కలు. సీసపు గొట్టాల నీళ్లను కాచినా సీసం పోదు. తాగడానికీ వంటకూ చన్నీళ్ల కుళాయి నీళ్లే వాడండి, అవి కూడా పొద్దున కాసేపు వదిలేశాక పట్టుకోండి. 1956లో జపాన్‌లోని మినమాతాలో బయటపడిన పాదరసం విషాదంలో, పైకి పెద్దగా జబ్బు కనిపించని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. ఆ పాదరసం ఒంట్లో చేరింది చేపల ద్వారానే, కాబట్టి అది ఎక్కువగా పేరుకునే సొర, కత్తి చేప లాంటి వేటాడే పెద్ద చేపలు మానేయాలి. చేపలు మొత్తం మానేయొద్దు, చిన్న చేపలు బిడ్డ మెదడుకు మంచివి. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు గర్భిణుల వీపుకు గాలిని కొలిచే పరికరం ఉన్న సంచి తగిలించి, రెండు రోజులు వాళ్లు పీల్చే గాలిని కొలిచారు. ఇంధనం మండితే వచ్చే కాలుష్యం ఎక్కువ పీల్చిన తల్లుల పిల్లలకు ఐదేళ్ల వయసులో ఐక్యూ సగటున కొంత తక్కువ వచ్చిందని 2009లో చెప్పారు. ఇంట్లో సిగరెట్ ఎవరూ కాల్చకూడదు. పురుగుల మందు కొట్టాల్సి వస్తే పురుడు అయ్యేదాకా వాయిదా వేయండి, ఈలోగా పగుళ్లకు లప్పం పెట్టి మూసేయండి.

మీ ఇంట్లో ఎవరైనా రంగులు, పాత బ్యాటరీలు, సోల్డరింగ్ పనిలో ఉంటే పనిచోటే స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి. బూట్లు గుమ్మం బయటే. పని బట్టలు వేరే మూట, వేరే ఉతుకు, ఆ ఉతుకు గర్భిణి చేతికి వద్దు. నావి ఇప్పుడు నేనే ఉతుక్కుంటాను, దులపకుండా నేరుగా నీళ్లలో ముంచి.