యాక్సెస్‌లో సెక్యూరిటీ వార్నింగ్ పోవట్లేదా? ముందు అది ఏ వార్నింగో చదవండి

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రామ్) తెరవగానే వార్నింగ్ వస్తోందంటే చాలామంది నేరుగా ట్రస్ట్ సెంటర్‌లోకి (భద్రతా సెట్టింగ్స్) వెళ్లి ‘ఎనేబుల్ ఆల్ మాక్రోస్’ పెట్టేస్తారు, అంటే ఏ ఫైల్‌లోని కోడ్‌నైనా అడగకుండా నడవనిస్తారు. అప్పటికీ పోకపోతే ఆఫీస్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, అప్పటికీ పోకపోతే నాకు ఫోన్ చేస్తారు. నేను అడిగేది ఒక్కటే: మెసేజ్‌లో ఏం రాసుంది, పైన వచ్చిన పట్టీ పసుపా ఎరుపా? దీనికి మాత్రం జవాబుండదు, ఎందుకంటే కనిపించగానే ఓకే కొట్టేసి ఉంటారు.

‘యూ ఆర్ అబౌట్ టు అప్‌డేట్ 12 రోస్’ లాంటి మెసేజ్ అయితే దానికీ మాక్రో సెక్యూరిటీకీ సంబంధమే లేదు. అది యాక్షన్ క్వెరీ (రికార్డులను మార్చే, తీసేసే కమాండ్) నడిపే ముందు యాక్సెస్ అడిగే కన్ఫర్మేషన్. ఫైల్, ఆప్షన్స్, క్లయింట్ సెట్టింగ్స్‌లో ‘కన్ఫర్మ్’ కింద యాక్షన్ క్వెరీస్ టిక్ తీస్తే ఆగిపోతుంది. కోడ్ రాసేవాళ్లు సెట్‌వార్నింగ్స్ ఫాల్స్ (ఈ మెసేజ్‌లు ఆపే కమాండ్) పెట్టి మళ్లీ ట్రూ చేయడం మర్చిపోతుంటారు, అప్పుడు యాక్సెస్ మూసేదాకా డిలీట్ చేసేటప్పుడు కూడా ఏమీ అడగదు, రికార్డులు గప్‌చుప్‌గా పోతాయి. దాని బదులు కరెంట్‌డీబీ డాట్ ఎగ్జిక్యూట్‌తో, డీబీఫెయిల్‌ఆన్‌ఎర్రర్ (తప్పు జరిగితే చెప్పే ఆప్షన్) పెట్టి నడపండి.

పసుపు పట్టీ, దాని మీద ‘ఎనేబుల్ కంటెంట్’ బటన్ ఉంటే అది మామూలు కేసు. బటన్ నొక్కితే ఆ ఫైల్‌ని యాక్సెస్ గుర్తుపెట్టుకుంటుంది (2010 నుంచి), కానీ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చినా పేరు మార్చినా మళ్లీ మొదటికే. రోజూ అడగకూడదంటే ఆ డేటాబేస్‌కి ఒక ఫోల్డర్ కేటాయించి ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చండి: ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, ట్రస్టెడ్ లొకేషన్స్. లోపలి ఫోల్డర్లు కూడా కావాలంటే సబ్‌ఫోల్డర్స్ టిక్ పెట్టాలి, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం దయచేసి చేర్చకండి, నెట్‌లోంచి దిగే ప్రతి ఫైలూ అక్కడే పడుతుంది. ఎనేబుల్ ఆల్ మాక్రోస్ వద్దనేది కూడా అందుకే: మీ ఒక్క డేటాబేస్ కోసం ఊరందరికీ తలుపు తీసినట్టు.

ఇంకో సంగతి, ఎక్సెల్‌లో చేసిన సెట్టింగ్ యాక్సెస్‌కి వర్తించదు. ట్రస్టెడ్ లొకేషన్ ప్రోగ్రామ్‌కి విడిగా, విండోస్ యూజర్‌కి విడిగా ఉంటుంది. అడ్మిన్ లాగిన్‌లో చేర్చేసి వెళ్లిపోతే క్యాషియర్ లాగిన్‌లో పసుపు పట్టీ అలాగే ఉంటుంది.

పట్టీ ఏమీ కనిపించదు, కానీ ఫామ్‌లో బటన్లు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు అంటే మెసేజ్ బార్‌ని (ఆ పట్టీనే) ఎవరో ఆపేసి ఉండొచ్చు. ట్రస్ట్ సెంటర్‌లోనే మెసేజ్ బార్ సెట్టింగ్ సరిచేయండి, పట్టీ వస్తుంది, ఆపైన పై పద్ధతే.

ఇక ఎరుపు పట్టీ. ‘సెక్యూరిటీ రిస్క్’ అని రాసి, ఎనేబుల్ కంటెంట్ బటనే లేకుండా ‘లెర్న్ మోర్’ మాత్రమే ఉంటే, ఆ ఫైల్ ఇంటర్నెట్ నుంచి వచ్చిందని విండోస్ అనుకుంటోంది. 2022 నుంచి ఇలాంటి ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ నేరుగా ఆపేస్తోంది. మెయిల్‌లోనో డ్రైవ్‌లోనో వచ్చిన ఫైల్ అయితే పరిష్కారం సులువు. పంపినవాళ్లు తెలిసినవాళ్లే అయితే ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్ అడుగున ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టి ఓకే. జిప్ అయితే విప్పకముందే జిప్‌కే అన్‌బ్లాక్ చేయండి, లేకపోతే లోపలి ఫైళ్లన్నిటికీ ఆ ‘ఇంటర్నెట్ నుంచి వచ్చింది’ అనే ముద్ర అంటుకుంటుంది.

అసలు తంటా ఎక్కడంటే, ఎరుపు పట్టీ వస్తుంది, ప్రాపర్టీస్‌లో చూస్తే అన్‌బ్లాక్ అనేదే కనిపించదు. పైగా అదే ఫైల్ పక్క సిస్టమ్‌లో చక్కగా తెరుచుకుంటుంది. ఒక రైస్ మిల్లు ఆఫీసులో ఇదే జరిగింది. సర్వర్‌లో ఒకటే ఫైల్, అన్నిట్లో ఒకే ఆఫీస్ వెర్షన్, ఒక్క బిల్లింగ్ సిస్టమ్‌లో మాత్రం ఎరుపు పట్టీ. వైరస్ అని యాంటీవైరస్ మార్చారు, విండోస్ కూడా మళ్లీ ఎక్కించారు. తేడా ఫైల్‌లో లేదు, ఫైల్‌ దగ్గరికి వెళ్లే దారిలో ఉంది. మిగతా సిస్టమ్స్ సర్వర్‌ని పేరుతో పిలుస్తున్నాయి, ఇది మాత్రం \\192.168.1.10 అని ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కుండే నంబర్) పిలుస్తోంది. చుక్కలున్న అడ్రస్ కనిపిస్తే విండోస్ దాన్ని ఇంటర్నెట్ జోన్‌లో వేసేస్తుంది, సర్వర్ పక్క బల్ల మీదే ఉన్నా సరే. ముద్ర ఫైల్ మీద లేదు కాబట్టి అన్‌బ్లాక్ చేయడానికి అక్కడేమీ ఉండదు.

ఇలా ఎందుకవుతుందంటే, ఎప్పుడో ఒకరోజు సర్వర్ పేరు నెట్‌వర్క్‌లో కనపడలేదు, ఎవరో తొందరలో ఐపీ కొట్టి షార్ట్‌కట్ చేసిపెట్టారు, పని నడిచింది, అంతటితో మర్చిపోయారు. సర్వర్ ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకుంటే (ఆ దారికి ఒక అక్షరం పెట్టుకుంటే) ఐపీ కంటికి కూడా కనిపించదు. అందుకే ముందు షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ చూడండి. డ్రైవ్ మ్యాప్ అయి ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్ యూజ్’ కొట్టండి, ఏ అక్షరం వెనక ఏ దారి ఉందో చూపిస్తుంది. దీనికి నిమిషం కూడా పట్టదు, అయినా ఎవరూ చూడరు.

ఐపీ కనిపిస్తే ఆ మ్యాపింగ్ తీసేసి సర్వర్ పేరుతో మళ్లీ పెట్టండి. పేరుతో వెళ్లినప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ అడగొచ్చు, ఐపీకి దాచుకున్నవి పేరుకి పనికిరావు, కంగారు పడకండి. ఫ్రంట్ ఎండ్‌లో (ఫామ్‌లు, బటన్లు ఉండే ఫైల్) లింక్డ్ టేబుల్స్ (వేరే ఫైల్‌లోని డేటాకి లింకులు) కూడా పాత ఐపీ దారినే పట్టుకుని ఉండొచ్చు, లింక్డ్ టేబుల్ మేనేజర్‌లో వాటినీ పేరుకి మార్చండి, లేకపోతే రేపు రూటర్ కొత్త ఐపీ ఇచ్చినప్పుడు టేబుల్స్ తెరుచుకోవు. ఐపీతోనే నడపక తప్పదంటే కంట్రోల్ ప్యానెల్, ఇంటర్నెట్ ఆప్షన్స్, సెక్యూరిటీ, లోకల్ ఇంట్రానెట్, సైట్స్, అడ్వాన్స్‌డ్‌లో ఆ అడ్రస్ చేర్చండి. అక్కడ సర్వర్ వెరిఫికేషన్ టిక్ ఉంటే తీసేస్తే గానీ చేర్చుకోదు. యాక్సెస్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

సర్వర్ ఫోల్డర్‌నే ట్రస్టెడ్ లొకేషన్ చేద్దామంటే ట్రస్టెడ్ లొకేషన్స్ పేజీ అడుగున నెట్‌వర్క్ లొకేషన్స్‌ని అనుమతించే టిక్ పెట్టాలి. మైక్రోసాఫ్ట్ అక్కడే ‘నాట్ రికమెండెడ్’ అని రాసింది, నా మాటా అదే. నన్నడిగితే బ్యాక్ ఎండ్ (డేటా ఉండే ఫైల్) సర్వర్‌లో ఉంచి, ఫ్రంట్ ఎండ్ కాపీ ఒకటి ప్రతి సిస్టమ్‌లో సి డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని ట్రస్ట్ చేయండి. అందరూ ఒకే ఫ్రంట్ ఎండ్ ఫైల్‌ని నెట్‌వర్క్ మీద తెరిస్తే అది ఏదో ఒకరోజు కరప్ట్ అవుతుంది, ఆ గొడవా తప్పుతుంది.

మిగతావి అరుదు. సెట్టింగ్స్ బూడిద రంగులో ఉండి మారకపోతే అది గ్రూప్ పాలసీ (ఆఫీసు సిస్టమ్స్ అన్నిటికీ ఐటీ వాళ్లు పెట్టే నిబంధన), మీ ఐటీ వాళ్లని అడగండి. డిజిటల్ సంతకం గడువు తీరితే డేటాబేస్ చేసినవాళ్లే మళ్లీ సంతకం చేయాలి. యాక్సెస్ రన్‌టైమ్ (డేటాబేస్‌ని నడపడానికే తప్ప తయారుచేయడానికి పనికిరాని వెర్షన్) మాత్రమే ఉన్న సిస్టమ్‌లో ట్రస్ట్ సెంటరే కనిపించదు, అక్కడ ట్రస్టెడ్ లొకేషన్‌ని రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద రాయాలి, అదీ ఆ సిస్టమ్ వాడే ప్రతి లాగిన్‌కీ విడివిడిగా.