కొర్రమీను, బంగారుతీగ గుడ్లు పెట్టే వేళ చెరువు నీటిమట్టాన్ని కాపాడుకోవడం

ఊరి చెరువులో చేపలు పెరగాలంటే పిల్లలను తెచ్చి వదలడమొక్కటే మార్గమని చాలామంది అనుకుంటారు. బొచ్చె, శీలావతి, మోసు విషయంలో అది నిజమే. వాటి గుడ్లు దేనికీ అంటుకోకుండా పారే నీటిలో కొట్టుకుపోతూ పొదుగుతాయి కనుక, నిలువ నీటిలో ఆ తల్లిచేపలు గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌదరి, ఆలికున్హి చేపల మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతులచేత గుడ్లు పెట్టించిన తరువాతే హేచరీలకు దారి ఏర్పడింది. బంగారుతీగ (కామన్ కార్ప్), కొర్రమీను అలా కావు. అవి చెరువులోనే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు దక్కడం దక్కకపోవడం చాలావరకు ఆ వారం రోజుల నీటిమట్టం మీదే ఆధారపడి ఉంటుంది.

తొలకరి నీరు చేరి మట్టం మెల్లగా పెరిగినప్పుడు వేసవిలో ఆరిన శిఖం నేల (చెరువు లోపలి నేల) మీది గడ్డి మునుగుతుంది, నీరు కాస్త చల్లబడుతుంది, కుళ్లిన గడ్డి వల్ల పిల్లలకు ఆహారమయ్యే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. అందువల్ల వానలకు ముందు అంచు గడ్డినంతా చెక్కి శుభ్రం చేయకుండా కొంత భాగాన్ని అలాగే వదలాలి. మృగశిర కార్తెనాడు చేప తినడం మన ఆనవాయితీ. అయినా ఆ రోజుల్లో నీరు తెచ్చే వాగు చెరువులో కలిసే చోట ఎదురెక్కే చేపల కడుపునిండా గుడ్లుంటాయి కనుక, అక్కడ మాత్రం వల అడ్డం కట్టవద్దని నా మనవి.

తూము పక్కన అంగుళాల గీతలున్న కర్రను పాతి, రోజూ ఉదయం మట్టాన్ని రాసుకోవాలి. బంగారుతీగ గుడ్లు నాచుకూ గడ్డికీ అంటుకుని, వెచ్చని నీటిలో రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. బయటికి వచ్చిన పిల్లలు స్వయంగా ఈదుతూ మేత పట్టడానికి మరో రెండు మూడు రోజులు కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే నారుమళ్ల కోసం తూము పూర్తిగా ఎత్తితే అంచున అంటుకున్న గుడ్లు ఒక్క పగటి ఎండకే ఎండిపోతాయి. కాబట్టి గుడ్లు కనిపించిన రోజే తూము నీళ్లు వదిలే నీరటితోనూ ఆయకట్టు రైతులతోనూ మాట్లాడి, వారం రోజులపాటు తూమును కొద్దికొద్దిగా మాత్రమే తెరవాలి.

నీరు వదలక తప్పదనుకుంటే ముందుజాగ్రత్తగా నాచును కట్టలుగా కట్టి, తేలే వెదురుబొంగుకు వేలాడదీయాలి. పాతిన గుంజలకు కడితే మట్టం తగ్గినప్పుడు కట్టలు గాలిలో మిగిలిపోతాయి. తేలే బొంగుకు కడితే నీటితోపాటే దిగుతాయి. అవసరమైతే గుడ్లతో సహా ఆ కట్టలను తడి ఆరకుండా తీసి హాపాలోకి (నీటిలో కట్టే వలగుడ్డ తొట్టిలోకి) మార్చవచ్చు.

కొర్రమీనుకు ఈ ఉపాయం పనికిరాదు. అది అంచున కలుపు మొక్కల మధ్య కొంత చోటు చేసుకుని, నీటిపై తేలే పసుపు రంగు గుడ్లు పెట్టి, పిల్లలు గుంపుగా తిరిగేదాకా తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. మట్టం తగ్గితే గూడు గట్టునపడుతుంది, ఒక్కసారిగా పెరిగితే గుడ్లు చెల్లాచెదురవుతాయి. గూడు కనిపించిన చోటికి పశువులను, వలలను రానివ్వకుండా చుట్టూ కలుపును కదపకుండా ఉంచడమే చేయగలిగిన సాయం.

పెద్ద వానకు చెరువు నిండి మత్తడి (అలుగు) దూకినప్పుడు తల్లిచేపలు కిందికి పోకుండా ఇనుప చువ్వల జాలీని ఏటవాలుగా నిలపవచ్చు. సన్నటి వలను మాత్రం ఎన్నడూ కట్టకూడదు. చెత్త పేరుకుని నీరు ఆగితే కట్టకే ప్రమాదం.

వేసవిలో నీరు అడుగంటేటప్పుడు మోటార్లతో చివరి నీటిదాకా తోడేయకుండా, చెరువులో లోతైన చోట ఛాతీ లోతు మడుగును మిగల్చాలి. వచ్చే తొలకరికి గుడ్లు పెట్టవలసిన తల్లిచేపలు అందులోనే బతుకుతాయి.