రెండో సీటు ఖాళీగా ఉన్నప్పుడు

ఆదివారం పొద్దున అల్వాల్‌లో మా ఇంటికి పిల్లలు వస్తుంటారు. కొందరు బేగంపేటలో ఫ్లయింగ్ నేర్చుకున్నవాళ్లు, కొందరు నాదర్‌గుల్‌లో. చేతిలో సీపీఎల్ (జీతానికి విమానం నడిపే లైసెన్సు), లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటలు రెండు వందల చిల్లర, ఇంటి కాగితాల మీద బ్యాంకు లోను. ఎయిర్‌లైన్ నుంచి పిలుపు రాదు. ఆఫ్రికాలో కారవాన్ అనే ఒక్క ఇంజిన్ చిన్న విమానం మీద కార్గో ఉద్యోగం ఉందని ఎవరో చెబుతారు. "వెళ్లమంటారా అంకుల్?" అని అడుగుతారు.

నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి పదకొండేళ్లు నేను చేసింది ఆ పనే. వెళ్లొద్దని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వెళ్లేముందు మాత్రం ఒక పూట కూర్చోబెట్టి కొన్ని విషయాలు చెబుతాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

పాసింజర్ విమానంలో పైలట్‌ని ఆపేవాళ్లు చాలామంది ఉంటారు. పక్కన ఇంకో పైలట్, వెనక భయపడే జనం. నల్లమబ్బు కమ్ముకొస్తే ఎవరో ఒకరు "ఇవాళ వద్దులెండి" అంటారు. కార్గోలో మీ వెనక ఉండేవి గోనె సంచులు. అవి భయపడవు, అడగవు. కారవాన్‌ని చాలా చోట్ల ఒక్కరే నడుపుతారు, కుడి సీటు ఖాళీ. 'వద్దు' అనే ఆ రెండో మనిషిని మీరే తయారుచేసుకుని వెంట తీసుకెళ్లాలి.

ముందు రోజు రాత్రి చీటీ

నాకు ఆ రెండో మనిషి ఒక చీటీ. రాత్రి అన్నం తిన్నాక, ఎవరూ తొందరపెట్టని వేళ, అరచేతంత అట్టముక్క మీద తెలుగులో రాసుకునేవాణ్ణి. ఒక రోజుది ఇలా ఉండేది:

"దారిలో ఎత్తయిన కొండకీ పైన మబ్బుకీ మధ్య వెయ్యి అడుగుల ఖాళీ లేకపోతే కదలను. సంచులు 30, మొత్తం 1,050 కిలోలు దాటితే కదలను. దిగాక ట్యాంకులో ముప్పావు గంట ఇంధనం మిగలాలి. తిరుగు ప్రయాణానికి సాయంత్రం 4 గంటలు దాటితే రాత్రికి అక్కడే పడుకుంటాను."

భూమధ్యరేఖ దగ్గర సంధ్య ఎక్కువసేపు ఉండదు. ఆరున్నరకి సూర్యుడు దిగాడంటే ఏడు కాకముందే చిమ్మచీకటి. అందుకే ఆ ఆఖరి వాక్యం.

మీ అంకెలు మీ విమానాన్ని, మీ అనుభవాన్ని బట్టి మారతాయి. కొత్తవాళ్లు నాకంటే గట్టిగా రాసుకోవాలి. పొద్దున లేచాక చీటీని ఇంకా బిగించొచ్చు కానీ వదులు చెయ్యకూడదు. అది ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. మా ఆవిడకి విమానాల సంగతి ఏమీ తెలియదు. అయినా రోజూ ఫోన్‌లో "ఇవాళ మబ్బు చీటీలో రాసినట్టే ఉందా?" అని అడిగేది. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పలేక రెండుసార్లు ఇంజిన్ ఆపి దిగాను.

కాంటా దగ్గర మీరే నిలబడండి

కెన్యాలో మీరా అనే ఆకు ఉంది. నమిలితే మత్తుగా, హుషారుగా ఉంటుందని సోమాలియాలో బాగా నములుతారు. మేరు ప్రాంతపు కొండల్లో కోసి, చిన్న చిన్న కట్టలు కట్టి, అరటి ఆకుల్లో చుట్టి సంచుల్లో కుక్కుతారు. మోండా మార్కెట్‌లో తమలపాకు మోపులు చూసినవాళ్లకి ఆ వాసన, ఆ తడి తెలుస్తాయి. కోసిన రెండు రోజులు దాటితే ఆ ఆకుకి ధర లేదు. కాబట్టి పికప్ డ్రైవర్‌కి తొందర, ఏజెంట్‌కి తొందర, విల్సన్‌లో లోడర్లకి తొందర. అది చివరికి పైలట్‌కి అంటుకుంటుంది.

కాగితం మీద సంచి 35 కిలోలు. ఒక వాన రాత్రి తర్వాత, ఎందుకో అనుమానమొచ్చి ఒక సంచిని కాంటా మీద పెట్టించాను. గోనె నుంచి నీళ్లు కారుతున్నాయి. ముల్లు 41 దగ్గర ఆగింది. ఇంకోటి పెట్టించాను, అదీ 41. ముప్పై సంచులకి 180 కిలోలు ఎక్కువ. ఏ కాగితంలోనూ లేని ఇద్దరు లావుపాటి మనుషులు నా వెనక కూర్చున్నట్టు. ఆ రోజు నుంచి, వాన పడినా పడకపోయినా, ఏవైనా మూడు సంచులు నేనే ఎంచి తూయించకుండా లోడ్ షీట్ (బరువుల కాగితం) మీద సంతకం పెట్టలేదు. మీరూ పెట్టొద్దు.

బరువు ఎంతన్నది ఒక ఎత్తు, ఎక్కడుందన్నది ఇంకో ఎత్తు. గ్రాండ్ కారవాన్ కార్గో తలుపు ఎడమవైపు బాగా వెనక ఉంటుంది. అలసిన లోడర్ బరువైన పెట్టెని ముందుకు మోయకుండా తలుపు దగ్గరే దింపేస్తాడు. అందరూ అలా చేస్తే తోక బరువెక్కుతుంది. తోక బరువెక్కిన విమానం నేల వదలగానే ముక్కు పైకి ఎత్తేస్తుంది, ఎంత నెట్టినా దిగదు, వేగం చచ్చి కూలుతుంది. లోడింగ్ ముగిసేదాకా టెయిల్ స్టాండ్, అంటే తోక కింద పెట్టే ఊతం, తీయనివ్వకండి. తీశాక ముందు చక్రం స్ట్రట్ (చక్రం పైన బరువుకి కుంగే కడ్డీ) చూడండి. రోజూ కంటే పైకి లేచి ఉంటే మళ్లీ సర్దించండి. నెట్‌లు, పట్టీలు మీ చేత్తో లాగి చూడండి. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్ బాగ్రామ్‌లో బోయింగ్ 747 కార్గో విమానం ఎగిరిన కాసేపటికే కూలి ఏడుగురు పోయింది లోపల కట్టిన సైనిక వాహనం ఊడి వెనక్కి జరగడం వల్లే. అంత పెద్ద విమానానికే అలా అయింది.

ఇక వేడి. ఈ లెక్క నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ల చేతా చేయిస్తాను. బేగంపేట ఎత్తు సుమారు 1,740 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. మే మధ్యాహ్నం 42 అనుకోండి, తేడా ముప్పై డిగ్రీల పైన. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే వేడికి గాలి పలచబడి విమానానికి అనిపించే ఎత్తు, 5,400 అడుగులు. అంటే రెక్కకీ ప్రొపెల్లర్‌కీ బేగంపేట రన్‌వే ఒక కొండమీద ఉన్నట్టే. విల్సన్ ఎత్తే దాదాపు 5,500 అడుగులు. అక్కడ 26 డిగ్రీల మధ్యాహ్నం ఇదే లెక్క వేస్తే 8,000 దాటుతుంది. పొద్దున ఆరింటికి సునాయాసంగా లేచిన బరువే మధ్యాహ్నం రెండింటికి రన్‌వే చివరిదాకా ఈడుస్తుంది.

మబ్బు, కొండ

నిజామాబాద్ కుర్రాడొకడు నైరోబీలో నా రూమ్మేట్. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. "అన్నా" అనేవాడు. చీటీ అలవాటు నా దగ్గరే నేర్చుకుని, నాకంటే చక్కటి చేతిరాతతో రాసేవాడు. ఒక ఏడాది ఉగాదికి నేను సెలవు మీద ఇంటికొచ్చాను. అక్కడ పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా. నా రూటు కూడా వాడే తీసుకున్నాడు. వరుసగా ఆరో రోజు, కొండల మీద మబ్బు దిగిన పొద్దున, వాడి కారవాన్ ఒక వాలుకి తగిలింది. ఇంజిన్ బాగానే పనిచేస్తోందనీ, రెక్కలు సమంగానే ఉన్నాయనీ, బరువు సరిగ్గానే ఉందనీ విచారణలో తేలింది. అంటే ఆఖరి క్షణం దాకా వాడికి కొండ కనబడలేదు.

తర్వాత రూమ్ సర్దుతుంటే వాడి చీటీల కట్ట దొరికింది, రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది. అన్నిటికంటే పైనున్నది నాలుగు రోజుల కిందటిది. ఆ తర్వాత రాయలేదు. అలసటే కారణమని నా నమ్మకం. బాగా అలిసిపోయినవాడు మొదట మానేసేది ఇలాంటి చిన్న పనులే. కాబట్టి చీటీ రాయడానికి ఓపిక లేదనిపించిన రాత్రి, మర్నాడు సెలవు అడగండి. ఇంకో కారణం వెతకొద్దు.

మబ్బు కింద దూరి వెళ్దామనిపించినప్పుడు మలుపు చోటు ముందే గుర్తుపెట్టుకోండి. ఫలానా నది, ఫలానా ఊరు దాటేసరికి ముందున్న లోయ కనబడకపోతే అక్కడే వెనక్కి. లోయలోకి వెళ్లాక తిరగడానికి చోటు ఉండదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) లేనివాళ్లయితే మబ్బులోకి అసలు వెళ్లొద్దు. 1954లో అమెరికాలో ఇల్లినాయి యూనివర్సిటీ వాళ్లు ఆ శిక్షణ లేని 20 మందిని బయట ఏమీ కనబడకుండా చేసి పరీక్షిస్తే ఇరవైమందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

రేటింగ్ ఉన్నా, రెండో సీటు నిండి ఉన్నా కొండమీది వాన మబ్బు లెక్కచేయదు. 2009 సెప్టెంబర్ 2న ఇదే బేగంపేట నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌లో రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర ఐదుగురూ పోయారు. ఆ రోజు ఊరంతా టీవీల ముందు ఎలా కూర్చుందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

అమెరికా, కెనడా వెళ్లేవాళ్లకి మంచు సంగతి ఒక్క ముక్క. కారవాన్ రెక్క మీద పలచటి పొర పేరుకున్నా ప్రమాదమే, అది కంటికి కనబడకపోవచ్చు. ఎక్కేముందు నిచ్చెన వేసుకుని చేత్తో తడిమి చూడాలి. గాల్లో రెక్కకి మంచు పడితే, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున దించే పలకలు) ఎత్తి ఉండగా వేగం 120 నాట్ల కిందికి రానివ్వకూడదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే అక్కడ ఈ నియమాలు వచ్చాయి.

పార్సిళ్లలో పవర్ బ్యాంకులు, ఫోన్ బ్యాటరీలు ఉన్నాయేమో అడగండి, అనుమానముంటే విప్పించండి. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో కాలిపోయిన యూపీఎస్ అనే పార్సిల్ కంపెనీ కార్గో విమానంలో లిథియం బ్యాటరీలు ఉన్నాయి, ఇద్దరు పైలట్లూ పోయారు. మద్యం విషయంలో మన దేశపు నియమం, తాగాక 12 గంటలు విమానం ఎక్కి నడపకూడదు. ఇంకో దేశంలో గంటలు తక్కువ ఉన్నా ఇదే పాటించండి.

వద్దని ఎలా చెప్పాలి

ఏజెంట్‌తో "నాకు భయంగా ఉంది" అనకండి. నిజమే అయినా ఆ మాటకి అతను ధైర్యం చెప్పడం మొదలుపెడతాడు. అంకె చెప్పండి. "కాంటా 1,230 చూపిస్తోంది, నా కాగితం 1,050. ఐదు సంచులు దించండి." అంతే. దించాక కూడికతో సరిచూడండి.

కాదంటే ఇంకో పైలట్‌ని పిలుస్తారు. నాకూ జరిగింది. నేను దిగిపోయిన విమానాన్ని అదే బరువుతో వేరే కుర్రాడు తీసుకెళ్లి క్షేమంగా తిరిగొచ్చాడు. ఏజెంట్ నన్ను చూసి ఏమీ అనలేదు, ఆ మౌనమే చాలా బాధపెట్టింది. కానీ అతను క్షేమంగా వచ్చినంత మాత్రాన ఆ సంచులు 35 కిలోలకి తగ్గలేదు. ఆ సాయంత్రం మేం ఏడుగురం పైలట్లం కూర్చుని ఒక మాట అనుకున్నాం: ఒకడు వద్దన్న విమానం ఇంకొకడు ఎక్కేముందు మొదటివాడికి ఫోన్ చేసి కారణం అడగాలి. మీరు ఏ దేశం వెళ్లినా, మొదటి నెలలోనే ఈ ఒప్పందం చేసుకోండి. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.

తిరిగి రాకపోతే

ఈ భాగం చదవడానికి ఎవరికీ మనసొప్పదు. అయినా చదవండి.

వెళ్లేముందు ఒక ఫైలు ఇంట్లో పెట్టండి. పాస్‌పోర్టు నకలు, ఉద్యోగ కాంట్రాక్టు, ప్రమాద బీమా పాలసీ, నామినీ పేరు, లోను కాగితాలు. చిన్న విమానం నడిపే పైలట్‌కి ఆ పాలసీ వర్తిస్తుందో లేదో ఆ వాక్యం మీరే చదివి తెలుసుకోండి. శరీరాన్ని ఇంటికి పంపే ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులో లేకపోతే రాయించండి. భౌతికకాయం రావాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసు రిపోర్టు, ఎంబామింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, మన రాయబార కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఎక్కడైనా ఆగిపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

తోటి పైలట్ పోతే ఆ కబురు ఇంటివాళ్లకి ఫోన్‌లో చెప్పొద్దు. నేను కారు తీసుకుని నిజామాబాద్ వెళ్లాను. వాళ్లమ్మ నా ముఖం చూడగానే గోడ పట్టుకుంది. చాలాసేపటికి, "పొద్దుగాల ఏమన్న తిన్నడా బిడ్డా?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. తర్వాత నైరోబీకి ఫోన్ చేసి, ఆ రోజు వాడికి టీ పోసిన క్యాంటీన్ అతన్ని పట్టుకుని కనుక్కున్నాను. రెండు మందాజీలు, టీ. అవి మన బోండాల్లాంటివే అని ఆమెకి చెప్పాను. తెలిసినది చెప్పండి, తెలియనిది కనుక్కుని చెప్పండి. ఊరడించడానికి కల్పించొద్దు.

ఐదో రోజు శంషాబాద్ కార్గో టెర్మినల్‌కి నేనూ వాళ్ల నాన్నా వెళ్లాం. అక్కడ ఎయిర్‌వే బిల్లు (విమానంలో వచ్చిన సరుకు కాగితం) ఇస్తారు, అందులో బరువు గడి ఉంటుంది. పదకొండేళ్లు నేను సంతకాలు పెట్టిన కాగితం లాంటిదే. ఇలాంటి రోజు ఆ తండ్రి చేత అది చదివించకండి. మీరే తీసుకుని, సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకోండి.

వస్తువుల్లో లాగ్‌బుక్‌ని మాత్రం కంపెనీకి వదలొద్దు. విచారణ వాళ్లు తీసుకుంటే అయ్యాక అడిగి తెచ్చుకోవాలి. వాడిది మాకు ఎనిమిది నెలలకి వచ్చింది. చివరి పేజీలో అడుగున మొత్తం వేయలేదు. వాళ్ల నాన్న ఎన్ని గంటలని అడిగితే ఆయన ముందే కూర్చుని పెన్సిల్‌తో కూడాను. 1,312 గంటల 40 నిమిషాలు. ఆఖరి ప్రయాణం అందులో లేదు. దాని కింద ఒక గీత ఖాళీగా వదిలి పుస్తకం ఆయన చేతికిచ్చాను.