కౌంటీ జట్టు ఎందుకు ఎదగడం లేదు? మేనేజర్‌ని మార్చే ముందు పాత మైనర్ (టీనేజ్ కుర్రాళ్ల జట్టు) లిస్టు తీయండి

ఐర్లండ్‌లో ఛాంపియన్‌షిప్ నుంచి ఏ కౌంటీ బయటికి వచ్చినా మర్నాడు వినిపించేది ఒకటే మాట: మేనేజర్‌ని పంపేయాలి. పంపేస్తారు, కొత్తాయన వస్తాడు, రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ అదే కథ. క్లబ్బుల్లో పిల్లల జట్లతో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఐర్లండ్ సొంత ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్ అయినా, కర్రతో ఆడే హర్లింగ్ అయినా, ఈ తప్పు ఒకే చోట జరుగుతుంది. అరగంటలో తేలిపోయే ఆ ఒక్క పరీక్షా చేయకుండా అందరూ మేనేజర్ మీద పడిపోతుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈలోపు మంచి పిల్లలు ఆటకి దూరమైపోతున్నారు.

సమస్య: "మాది చిన్న కౌంటీ, మాకు జనం లేరు"

ముందు లెక్క చూసుకోండి. 2022 జనాభా లెక్కల ప్రకారం మోనహన్‌లో 65 వేల మంది ఉన్నారు. అయినా ఆ ఫుట్‌బాల్ జట్టు 2013, 2015లలో అల్‌స్టర్ ప్రాంతీయ టైటిల్ గెలిచింది, 2015 నుంచి 2024 దాకా లీగ్ మొదటి డివిజన్‌లో నిలబడింది. కిల్డేర్‌లో దాదాపు రెండున్నర లక్షల మంది. వాళ్లు ఆల్ ఐర్లండ్ (దేశ ఛాంపియన్‌షిప్) చివరిసారి గెలిచింది 1928లో, వాళ్ల ప్రాంతీయ టైటిల్ లెన్‌స్టర్ 2000లో. కిల్కెన్నీ జనాభా లక్ష పైచిలుకు మాత్రమే, హర్లింగ్‌లో 36 ఆల్ ఐర్లండ్ టైటిళ్లు వాళ్లవే.

జనం లేరన్న మాట నిజంగా వర్తించేది లీట్రిమ్ లాంటి చోట. 35 వేల జనాభాలో ఆడే వయసు కుర్రాళ్లు ఎంతమంది ఉంటారు? 1927 తర్వాత తమ ప్రాంతీయ టైటిల్ కొనాక్ట్ మళ్లీ గెలవడానికి వాళ్లకి 1994 దాకా పట్టింది. 2023లో న్యూయార్క్ (అక్కడి ఐరిష్ వాళ్ల జట్టు) చేతిలో పెనాల్టీల్లో ఓడారు. 2025 లీగ్‌లో ఒక మ్యాచ్‌కి సరిపడా మంది లేక వాకోవర్ ఇచ్చారు. అలాంటి కౌంటీకి ఒక్క కుర్రాడు జారిపోయినా దెబ్బే, కాబట్టి కింద చెప్పే పరీక్ష వాళ్లకే ఎక్కువ అవసరం.

సమస్య: "మా దగ్గర డబ్బు లేదు"

సగం నిజం. 2000ల మధ్య నుంచి డబ్లిన్‌కి ప్రభుత్వ సొమ్ము బాగా వచ్చింది. అయితే ఆ సొమ్ము పోయింది క్లబ్బుల్లో, బడుల్లో పిల్లలకి నేర్పే పూర్తికాలం కోచ్‌ల జీతాలకి. జీతంలో సగం క్లబ్బే పెట్టుకోవాలి కాబట్టి ఆ కోచ్ పని మీద క్లబ్ కన్ను ఎప్పుడూ ఉంటుంది. మీ కౌంటీలో డబ్బు ఎటు పోతోందో చూడండి. సీనియర్ జట్టు హోటళ్లకి, బయటి నిపుణులకి ఎక్కువ పోయి, పన్నెండేళ్ల పిల్లల కోచింగ్‌కి ఏమీ మిగలకపోతే సమస్య డబ్బు తక్కువవడం కాదు. ముందు ఆ ఖర్చుల వరస మార్చండి.

సమస్య: "పిల్లల జట్లు గెలుస్తాయి, సీనియర్లు ఓడతారు"

అసలు మోసం చేసేది ఇదే. మైనర్ కప్ వచ్చిన రాత్రి ఊరంతా పండగ చేసుకుంటుంది, ఇంకో ఐదేళ్లలో మనదే రాజ్యం అనుకుంటారు. ఐదేళ్లు గడిచాక చూస్తే ఆ జట్టులో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు.

లిమెరిక్ హర్లింగ్ చూడండి. 2000, 2001, 2002లలో వరుసగా మూడు అండర్-21 ఆల్ ఐర్లండ్‌లు గెలిచారు. ఆ తరానికి సీనియర్ టైటిల్ ఒక్కటీ దక్కలేదు. 2007లో ఫైనల్ చేరి కిల్కెన్నీ చేతిలో ఓడారు, అంతే. ఆ దశాబ్దంలో మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు మారుతూనే ఉన్నారు. అదే కౌంటీ 2015, 2017లలో మళ్లీ అండర్-21 గెలిచింది. ఈసారి 2018లో 45 ఏళ్ల తర్వాత లియమ్ మెకార్తీ కప్ (హర్లింగ్ ఆల్ ఐర్లండ్) వచ్చింది, 2020 నుంచి 2023 దాకా వరుసగా నాలుగు సార్లు వచ్చింది. రెండుసార్లూ పిల్లల్లో సత్తా ఉంది. రెండోసారి చిన్న వయసు నుంచే నడిపిన అకాడమీ ఉంది, అక్కడ నుంచి సీనియర్ దాకా ఒకే దారి వేశారు. 2015 అండర్-21 జట్టుని నడిపిన జాన్ కైలీ చేతికే తర్వాత సీనియర్లని అప్పజెప్పారు.

ఇప్పుడు పరీక్ష. ఆరేళ్ల కిందటి మీ మైనర్ జట్టు మ్యాచ్ ప్రోగ్రాం ఎక్కడైనా దొరుకుతుంది, తీయండి. ఒకటి నుంచి పదిహేను దాకా, తర్వాత సబ్‌స్టిట్యూట్లు. ప్రతి పేరు పక్కన నాలుగింటిలో ఒకటి రాయండి: సీనియర్ కౌంటీ జట్టులో ఉన్నాడు, క్లబ్‌కి మాత్రమే ఆడుతున్నాడు, దేశంలోనే ఉన్నా ఆట మానేశాడు, విదేశంలో ఉన్నాడు. ఏ పేరు దగ్గరైనా "ఏమయ్యాడో తెలియదు" అని ఆగాల్సి వస్తే అక్కడే సగం జవాబు దొరికినట్టు. ఆ కుర్రాడికి కౌంటీ నుంచి ఎవరూ ఫోన్ చేయలేదని అర్థం.

చాలామంది నాలుగో రకం చూసి ఆగిపోతారు. "అందరూ సిడ్నీ, పెర్త్ వెళ్లిపోయారు, మనమేం చేస్తాం" అంటారు. వలస నిజమే, చిన్న కౌంటీలకి అది పెద్ద గాయం. కానీ నేను చూసిన లిస్టుల్లో ఎక్కువ పేర్లు పడేది మూడో రకంలో. ఆ కుర్రాళ్లు ఇక్కడే ఉన్నారు, వయసు 23, ఒంట్లో సత్తా ఉంది, ఆట మాత్రం లేదు.

ఎక్కడ జారిపోయారు? 2018 నుంచి మైనర్ వయసు 18 నుంచి 17కి తగ్గింది. పదిహేడు దాటిన కుర్రాడు అండర్-20లో (పాత అండర్-21 స్థానంలో వచ్చింది) వెంటనే చోటు సంపాదించలేడు, పెద్దల ఆటకి ఒళ్లు ఇంకా గట్టిపడలేదు. సరిగ్గా అప్పుడే లీవింగ్ సర్ట్ (స్కూలు ఆఖరి) పరీక్షలు, ఆ తర్వాత కాలేజీ, కొత్త ఊరు. కౌంటీ క్యాలెండర్‌లో అతనికంటూ ఏమీ ఉండదు.

ఆటలో నిలబడ్డవాడి కష్టం వేరు. జనవరి, ఫిబ్రవరిలో కాలేజీకి సిగర్సన్ కప్ లేదా ఫిట్జ్‌గిబ్బన్ కప్, అదే సమయంలో కౌంటీ లీగ్, పక్కనే అండర్-20 సన్నాహం, క్లబ్ కూడా పిలుస్తుంది. నలుగురు మేనేజర్లకీ ఆ వారంలో అతను కావాలి. ఎవరి డైరీ వాళ్లదే. తొడ కండరం పట్టేస్తుంది, తగ్గక ముందే మళ్లీ దింపుతారు.

దీనికి తోడు రోడ్డు. డబ్లిన్‌లో చదివే లీట్రిమ్ కుర్రాడు వారం మధ్యలో ప్రాక్టీస్‌కి కారిక్-ఆన్-షానన్ వెళ్లాలంటే ఎన్4 మీద సుమారు 150 కిలోమీటర్లు. సాయంత్రం క్లాసు వదిలి బయల్దేరతాడు, లైట్ల కింద గంటన్నర పరిగెత్తుతాడు, కారులో కూర్చునే ఏదో తిని మళ్లీ డబ్లిన్ చేరేసరికి అర్ధరాత్రి. ఇంత చేసి ఆదివారం 26 నంబర్ జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటాడు. మార్చి వచ్చేసరికి "ఈ ఏడాదికి వద్దులే" అంటాడు. అతనికి నిబద్ధత లేదని కమిటీలో ఎవరో తేల్చేస్తారు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది.

చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు ఇలాంటి చోట కొత్త మేనేజర్‌ని తెచ్చి లాభం లేదు. చేయాల్సినవి ఇవి.

17 నుంచి 22 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి ఆటగాడి బాధ్యత ఒకే మనిషికి ఇవ్వండి. మేనేజర్‌కి కాదు, ఆయన మారిపోతాడు. క్లబ్, కాలేజీ, అండర్-20, సీనియర్ క్యాలెండర్లు నాలుగూ ఆ మనిషి దగ్గరే ఉండాలి. ఈ వారం ఎవరు ఆడాలి, ఎవరు ఆగాలి అన్న చివరి మాట ఆయనదే కావాలి. మిగతా మేనేజర్లు దీనికి మొదట్లో ఒప్పుకోరు, పట్టుబట్టండి.

డబ్లిన్‌లో ఉన్నవాళ్లకి వారం మధ్య ప్రాక్టీస్ డబ్లిన్‌లోనే పెట్టండి. పదిమంది అక్కడ ఉంటే ఒక కోచ్‌ని అటు పంపడమే చవక.

పందొమ్మిదేళ్లవాడిని సీనియర్ ప్యానెల్‌లోకి తీసుకుంటే ఆ ఏడాది ఎన్ని నిమిషాలు ఆడించగలరో ముందే చెప్పండి. ఆడించలేకపోతే క్లబ్‌కి పంపండి, మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ చెప్పి పంపండి. చెప్పకుండా వదిలేసినవాడు తిరిగి రాడు.

వీలైతే పిల్లలతో పాటు కోచ్‌ని కూడా పైకి తీసుకురండి. టిరోన్‌లో మికీ హార్ట్ 1998లో మైనర్, 2000, 2001లలో అండర్-21 గెలిపించి, చాలావరకు అదే కుర్రాళ్లతో 2003లో ఆ కౌంటీకి తొలి సామ్ మాగ్వైర్ కప్ (ఫుట్‌బాల్ ఆల్ ఐర్లండ్) తెచ్చాడు. ఆ కుర్రాళ్ల గురించి ఆయనకి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

అరుదైనవి, ఎక్కువ ఆలోచించకండి

కుర్రాళ్లని ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ ఎత్తుకుపోవడం: పేపర్లలో పెద్ద వార్త అవుతుంది, పోయేది ఏ ఒకరిద్దరో. శాపం తగిలిందనే మాట: మేయో ఫుట్‌బాల్ జట్టు 1951 తర్వాత ఆల్ ఐర్లండ్ గెలవలేదు, 1989 నుంచి 11 ఫైనళ్లు ఓడింది, 2013, 2016, 2017లలో ఒక్క పాయింట్‌తో. అన్ని ఫైనళ్లు చేరిన కౌంటీకి తరాల నిర్మాణం బాగానే ఉంది, వాళ్ల రోగం వేరు. కిల్కెన్నీ ఫుట్‌బాల్: వాళ్ల మనసంతా హర్లింగ్ మీదే, దాన్ని బాగుచేయాల్సిన పని లేదు.

ఇప్పుడు ఈ పరీక్ష ఎక్కువ అవసరమైంది ఒఫాలీకి. 1998లో హర్లింగ్ ఆల్ ఐర్లండ్ గెలిచిన కౌంటీ 2019లో కింది అంచె క్రిస్టీ రింగ్ కప్ స్థాయికి పడిపోయింది. ఎంతో ఓపికగా పిల్లల జట్లు కట్టుకుని 2024లో అండర్-20 ఆల్ ఐర్లండ్ గెలిచింది. ఐర్లండ్‌లో ఉంటూ పిల్లల్ని స్థానిక క్లబ్‌కి పంపుతున్న మనవాళ్లలో ఒఫాలీ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ 2024 జట్టు లిస్టు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ప్రతి జనవరిలో ఒక్కో పేరు పక్కన ఏం రాయాల్సి వస్తోందో మీ క్లబ్ మీటింగ్‌లో చదివి వినిపించండి.