పిల్లను వెయిట్‌లిఫ్టింగ్‌లో చేర్చే ముందు ఒక పుస్తకం కొనండి

మా విజయనగరం జిల్లా నెల్లిమర్ల వైపు ఆడపిల్ల బరువులెత్తే బార్ పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ రెండు పేర్లూ చెప్పి పిల్లను శిక్షణకు నా దగ్గర దింపే తల్లిదండ్రులకు, బూట్ల కంటే ముందు ఒక గీతల పుస్తకం కొనమంటాను.

మొదటి పేజీలో 199 అని రాయండి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 49 కిలోల ఒంటి బరువు విభాగంలో మీరాబాయి చాను ఎత్తిన మొత్తం అది. దక్కింది నాలుగో స్థానం, ఒక్క కిలోతో కాంస్యం పోయింది. ఆ ఒలింపిక్స్‌కు మన దేశం మొత్తం మీద వెయిట్‌లిఫ్టింగ్‌లో వెళ్లింది ఆవిడ ఒక్కరే.

ఆ కింద మీ అమ్మాయి స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) కలిపిన మొత్తాన్ని నెలనెలా తేదీ వేసి రాయండి. పక్కనే ఒంటి బరువు కూడా ఉండాలి. సాధనలో ఎత్తింది పెన్సిల్‌తో రాయండి. పోటీలో ముగ్గురు రెఫరీలలో కనీసం ఇద్దరు సరిగా ఎత్తినట్టు తెల్లదీపం వేసిందే పెన్నుతో రాయండి.

నిరుడు ఒకాయన పుస్తకం తెచ్చి చూపించారు. పెన్సిల్ అంకె 131, పెన్ను అంకె 112. "పోటీ అంటే భయం మాస్టారూ" అన్నారు. అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. తక్కువ బరువు విభాగంలో ఆడాలని మూడు రోజులుగా చోడి (రాగి) అంబలి కూడా ముట్టలేదట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎదిగే పిల్లకు కడుపు మాడ్చవద్దు, పై విభాగంలో ఆడించండి.

గాయం ఏమీ లేకుండా రెండేళ్లు పెన్ను అంకె కదలకపోతే, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కోచ్‌ను అడగకండి, నన్ను కూడా. మాకు ఆశ ఎక్కువ. ఇంటర్ చదువు మాత్రం ఏ పోటీ కోసమూ ఆపవద్దు.

ఇక సర్టిఫికెట్లు. పతకం రాని వాళ్లలో చాలామందికి మిగిలే దారి క్రీడా కోటా ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ కొలువుకైతే రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవారికి ఫారం-2 సర్టిఫికెట్, పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం-4 సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి ప్రవేశ రుసుము కట్టే ముందే, ఆ పోటీ పెట్టే సంఘానికి గుర్తింపు ఉందో లేదో జిల్లా క్రీడా కార్యాలయంలో కనుక్కోండి. నేను కనుక్కోలేదు. అప్పు చేసి, రెండు రాత్రులు రైల్లో నిలబడి వెళ్లి, "జాతీయ" పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నాను. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ కాగితం చెల్లదన్నారు. అక్కడ ఇచ్చిన కప్పులో మా ఆవిడ దీపం వత్తులు దాచుకుంటోంది.