ఎయిర్ బ్రేకులు నేర్చుకుందాం – 3: ఒక్క నిమిషం లీకు పరీక్ష

కంప్రెసర్ నుంచి ట్యాంకులకు, అక్కడి నుంచి చక్రాల దగ్గరున్న ఛాంబర్లకు గాలి ఎలా చేరుతుందో పోయిన రెండు పాఠాల్లో చూశాం. ఇవాళ బండి దగ్గరే పని.

కారు నడిపి లారీకి వచ్చినవాళ్లు ముందుగా మానుకోవాల్సిన అలవాటు ఒకటుంది. పెడల్ తొక్కగానే కాలికి గట్టిగా తగిలితే బ్రేకులు బాగున్నట్టే అనుకుంటారు. కారులో పెడల్ నుంచి చక్రం దాకా బ్రేక్ ఆయిలే కాబట్టి తేడా వస్తే చాలావరకు కాలికి తెలిసిపోతుంది. లారీలో పెడల్ కింద ఉండేది వాల్వు, మీ పాదానికి తగిలే బిగువు ఆ వాల్వు లోపలి స్ప్రింగుది. లైనర్లు అరిగినా, స్లాక్ అడ్జస్టర్లు (ఛాంబర్ తోపును బ్రేకుకు అందించే, బిగింపు సరిచేసే లివర్లు) వదులైనా పెడల్ మాత్రం రోజూలాగే ఉంటుంది. అందుకే గాలి మీటరు ముల్లు చూడటం నేర్చుకోవాలి.

బండిని చదునైన చోట ఆపి, ముందూ వెనకా టైర్లకు చెక్క దిమ్మలు గట్టిగా పెట్టండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే పరీక్షలో హ్యాండ్ బ్రేక్ వదిలేస్తాం. ఇంజిన్ స్టార్ట్ చేసి గాలి నిండనివ్వండి. చాలా బండ్లలో 8 బార్ అటూ ఇటూగా కింద ఛుస్‌మని గాలి వదిలిన చప్పుడు వస్తుంది, అంటే ట్యాంకులు నిండాయి. అప్పుడు ముల్లు ఎక్కడుందో రాసుకోండి. మీ బండికి అసలు ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, పక్క బండి లెక్క పట్టుకోకండి.

ఇప్పుడు ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లోనే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోండి. తొక్కగానే ముల్లు కొంచెం పడుతుంది, అది ఛాంబర్లలోకి వెళ్లిన గాలి, లెక్కలోకి రాదు. అక్కడి నుంచి ఒక నిమిషం చూడండి. అమెరికాలో హెవీ లైసెన్సు పరీక్షలో ట్రైలర్ లేని బండికి ఆ నిమిషంలో 3 పీఎస్‌ఐ, అంటే సుమారు 0.2 బార్, మించి పడకూడదు. మనకీ అది మంచి కొలతే. రెండు ముళ్లుంటే రెండూ గమనించాలి, ఒకటే పడుతుంటే లీకు ఆ ముల్లు చూపే సర్క్యూట్‌లోనే, అంటే ఆ ట్యాంకు, దాని గొట్టాల వైపే వెతకాలి.

మీరు పెడల్ మీద ఉండగా క్లీనర్‌ను బండి పక్కగా చుట్టూ నడిచి వినమనండి, కిందకి మాత్రం దూరనివ్వకండి. బుస్‌మనే చప్పుడు ఎప్పుడొస్తుందన్నదే సగం జవాబు. పెడల్ తొక్కినప్పుడే వస్తే చక్రం దగ్గరి ఛాంబర్ డయాఫ్రమో (లోపలి రబ్బరు పొర), ఆ ఛాంబర్‌కు వెళ్లే హోసో చూడాలి. పెడల్ వదిలాక కూడా ఫుట్ వాల్వు కింది రంధ్రం నుంచి వస్తుంటే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. హ్యాండ్ బ్రేక్‌ను పట్టి ఉంచేది వెనక ఛాంబర్లలోని స్ప్రింగు, దాన్ని వెనక్కి నొక్కి వదిలించేది గాలి. కాబట్టి హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే ఆ స్ప్రింగు ఉండే భాగం మీద అనుమానం పెట్టుకోవాలి. చోటు దొరికాక సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చూపిస్తాయి. హోసు ఛాసిస్‌కు రాసుకుని ఒకవైపు పలచబడిందేమో వేలితో తడిమి చూడండి, ఇంకా లీకు రాకపోయినా మార్చేయడమే మంచిది.

ఆ స్ప్రింగు ఛాంబర్ క్లాంపు మాత్రం మీరు విప్పవద్దు. లోపల స్ప్రింగు ఎంత బలంగా నొక్కి ఉంటుందంటే, ఒక్కసారిగా వదిలితే మనిషి ప్రాణం తీస్తుంది. అది తెలిసిన మెకానిక్ పని.

తర్వాత బజర్. ఇంజిన్ ఆఫ్‌లోనే, తాళం ఆన్‌లోనే ఉంచి పెడల్‌ను పదే పదే తొక్కి వదులుతుంటే ముల్లు దిగుతూ వస్తుంది. 4 బార్ కిందకి పడేలోపే బజరో, లైటో రావాలి. ఇంకా దించితే వెనక స్ప్రింగులు వాటంతటవే బ్రేకు పట్టేయాలి. గోలగా ఉందని కొందరు బజర్ వైరు పీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, చేసి ఉంటే ఇవాళే కలపండి. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు గాలి తగ్గుతోందని చెవికి చెప్పేది అదొక్కటే, ఆ మలుపుల్లో మీటరు చూసే తీరిక ఎవరికీ ఉండదు. నడుస్తుండగా బజర్ మోగితే ఉన్న గాలితోనే బండిని పక్కకు తీసి ఆపేయాలి. టెన్షన్‌లో పెడల్ పంపు కొట్టకండి, కొట్టిన ప్రతిసారీ మిగిలిన గాలి కూడా పోతుంది.

చివరగా ట్యాంకుల అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు లాగి నీళ్లు వదలండి. కాకినాడ, విశాఖ వైపు తిరిగే బండ్లలో గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి నీళ్లు కూడా ఎక్కువ చేరవచ్చు. ఎయిర్ డ్రయర్ (గాలిలోని చెమ్మ తీసేది) ఉన్న బండిలో నీళ్లు ధారగా వస్తుంటే దాని కాట్రిడ్జ్ మార్చే టైమొచ్చిందని అర్థం. నీళ్లతోపాటు నల్లటి ఆయిల్ వస్తే కంప్రెసర్ రింగులు చూపించుకోవాలి.

వచ్చే పాఠంలో స్లాక్ అడ్జస్టర్లు. ఒక చాక్‌పీసు, చిన్న స్కేలు, టార్చిలైటు దగ్గర పెట్టుకోండి, పుష్ రాడ్ (ఛాంబర్ నుంచి వచ్చే కడ్డీ) ఎంత బయటకి వస్తుందో కొలుద్దాం.